ఇంజను దీపము వెలిగినపుడు

మోటారుబండిని స్వయముగా నడుపుకొను సోదరీమణులు నేడు పెక్కురు గలరు. అయినను బండి తన బాధను చెప్పుకొను భాష నెరిగినవారు వారిలో కొలదిమందియే. ఎదుటి పలకపై ఇంజను బొమ్మగల దీపము వెలిగినతోడనే గుండె ఝల్లుమనుట, షెడ్డులో చెప్పిన ఖర్చునకెల్ల తల యూపుట పరిపాటి యైనది. ఆ దీపము వెనుక నొక కారణమును, ఆ కారణమునకు గుర్తుగా నొక సంకేతమును గలవని తెలిసికొన్నచో భయమును, వ్యర్థవ్యయమును గూడ తగ్గించుకొనవచ్చును.

ఈ యేర్పాటు పొగవలని హాని నరికట్టుటకై పుట్టినది. అమెరికాలో 1996వ సంవత్సరపు మోడలు మొదలుకొని కార్లన్నిటికిని ఓ.బి.డి. 2 అను పద్ధతి విధింపబడెను. మన దేశమున 2010లో దీని మొదటి మెట్టును, 2013లో రెండవ మెట్టును అమలునకు వచ్చెను. స్టీరింగు దిగువ, డ్యాష్‌బోర్డు క్రింద, 16 రంధ్రముల గూడొకటి యుండును. దానియందు చిన్న స్కానరును తగిలించి, ఇంజను స్టార్టు చేయకయే తాళము త్రిప్పినచో సంకేతము కనబడును.

సంకేతమున మొదట నొక యక్షరమును, పిదప నాలుగు గుర్తులును ఉండును. ‘పి’ యనిన ఇంజను, గేర్లు. ‘సి’ యనిన బ్రేకులు మొదలగు చట్రపు భాగములు. ‘బి’ యనిన బాడీ. ‘యు’ యనిన బండిలోని కంప్యూటర్ల నడుమ సాగు సంభాషణ. పి 0301 అనిన మొదటి సిలిండరులో పెట్రోలు సరిగా మండుట లేదని యర్థము. పి 0171 అనిన గాలి హెచ్చి పెట్రోలు తగ్గినదని యర్థము.

ఇచట మేము ముఖ్యముగా చెప్పదలచిన దొకటి కలదు. సంకేతము లక్షణమే కాని రోగము కాదు. ఒళ్లు కాలుచున్నదని థర్మామీటరు చెప్పును. అది మలేరియాయో, టైఫాయిడో చెప్పజాలదు. పి 0171 కనబడగనే ఆక్సిజను సెన్సారును మార్చుట కొందరి యలవాటు. ఆ సెన్సారు వార్తను తెచ్చినది మాత్రమే! చిరిగిన రబ్బరు గొట్టమో, గాలిని కొలుచు సెన్సారుపై పేరుకొన్న మురికియో, బలహీనమైన పెట్రోలు పంపో అసలు కారణము కావచ్చును. కావున చవుకగా చూడదగినవానిని ముందు చూడుడని యడుగవలెను.

పి 0301 వచ్చినపుడు, ప్రతి సిలిండరునకును వేరు కాయిలుండు బండ్లలో, ఒక తేలిక పరీక్ష గలదు. ఇంజను నాపి, చల్లారిన పిదప మొదటి సిలిండరు కాయిలును రెండవదానికి మార్పించవలెను. తరువాత పి 0302 కనబడినచో దోషము కాయిలుదే. మారకున్నచో స్పార్కు ప్లగ్గును, పిదప ఇంజెక్టరును పరీక్షింపవలెను.

దీపము నిలకడగా వెలుగుచు బండి మామూలుగా నడచుచున్నచో తొందరపడక షెడ్డునకు కొనిపోవచ్చును. మినుకుమినుకుమనుచున్నచో మాత్రము వేగము తగ్గించి, అనువైన చోట ఆపవలెను. మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును చేరి, దానిని వేడెక్కించి చెరుపును. అది మిక్కిలి ఖరీదైన వస్తువు. ఎర్రని ఆయిలు దీపము గాని, వేడిమి దీపము గాని వెలిగినచో వెంటనే ఆపుట క్షేమము.

సంకేతమును చెరిపివేయుట చికిత్స కాదు. చెరుపుటతో దోషము పుట్టినవేళ కంప్యూటరు నమోదు చేసిన వివరములును పోవును. అందుచే ముందు వానిని వ్రాసికొనుడు. పాతబండిని కొనువారును స్కానరు పెట్టించి చూడవలెను. స్వయంపరీక్షలు పెక్కు ‘పూర్తి కాలేద’ని తెలిపినచో సంకేతములను ఇటీవలనే చెరిపియుండవచ్చును, లేదా బ్యాటరీని విప్పియుండవచ్చును. అట్టి బండిని కొన్నిదినములు నడిపించి మరల పరీక్షింపక బయానా ఇయ్యరాదు.

ఇంటిపద్దుల పుస్తకమున నొక పుట బండికై కేటాయింపుడు. తేదీ, సంకేతము, చేయించిన పని, ఇచ్చిన సొమ్ము అందు వ్రాయుడు. అదే సంకేతము మరల వచ్చినపుడు ఆ పుటను మెకానిక్కు ముందుంచినచో, మార్చిన భాగమునే మరల మార్పించు దుర్వ్యయము తప్పును.