స్పానిష్‌లో అర్థసామ్యం గల క్రియలు: ఆంగ్లభాషీయుల అభ్యసన సమస్య

1. ఉపోద్ఘాతం:
మాతృభాషలో ఒకే పదం తెలిపే అర్థాన్ని లక్ష్యభాష రెండు పదాలకు పంచినప్పుడు అభ్యాసకునికి ఎంపిక కష్టమవుతుంది. ఉనికిని తెలిపే ఆంగ్ల ‘బీ’ క్రియకు స్పానిష్‌లో ‘సెర్’, ‘ఎస్తార్’ అనే రెండు క్రియలున్నాయి. తెలియడమనే అర్థం గల ‘నో’ క్రియకు ‘సబేర్’, ‘కొనోసేర్’ ఉన్నాయి. ఈ జంటల అర్థభేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సెర్ – ఎస్తార్:
శాశ్వతమైన దానికి సెర్, తాత్కాలికమైన దానికి ఎస్తార్ అనే సూత్రం బోధనలో బాగా ప్రచారంలో ఉంది. కానీ ప్రయోగాలు దీనికి లొంగవు. మరణం శాశ్వతమే అయినా మరణించిన వ్యక్తి గురించి ‘ఎస్తా మువెర్తో’ అంటారు. విద్యార్థి దశ తాత్కాలికమే అయినా ‘ఎస్ ఎస్తుదియాంతే’ అని సెర్ రూపాన్నే వాడతారు. మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉందని చెప్పడానికీ ఎస్తారే కావాలి.

కనుక ఇక్కడ ప్రమాణం కాలవ్యవధి కాదు. కర్త ఎవరు, ఏమిటి, ఎటువంటిది అని నిరూపించేది సెర్. కర్త ఏ స్థితిలో, ఎక్కడ ఉన్నదో తెలిపేది ఎస్తార్. ఇది ‘నిలుచు’ అనే అర్థం గల లాటిన్ ‘స్తారే’ నుంచి వచ్చింది. ‘ఎస్ లిస్తో’ అంటే తెలివైనవాడు. ‘ఎస్తా లిస్తో’ అంటే సిద్ధంగా ఉన్నాడు. అయితే విందు, సభ వంటివి జరిగే చోటును చెప్పేటప్పుడు సెర్ వస్తుంది.

3. సబేర్ – కొనోసేర్:
విషయం తెలియడానికి, పని చేయడం రావడానికి సబేర్. వ్యక్తులతో, స్థలాలతో పరిచయానికి కొనోసేర్ వాడతారు. భూతకాలంలో భేదం మరింత స్పష్టమవుతుంది. ‘సుపే’ అంటే సాధారణంగా ‘నాకు తెలిసింది’ అని, వ్యక్తి విషయంలో ‘కొనోసీ’ అంటే ‘మొదటిసారి కలిశాను’ అని అర్థం.

4. తెలుగుతో పోలిక:
ఆంగ్లం ద్వారా స్పానిష్ నేర్చుకొనే తెలుగువారు గమనించదగిన అంశం ఒకటుంది. ‘ఆయన అధ్యాపకుడు’ అనే వాక్యంలో క్రియ లేదు. ‘ఆయన గ్రంథాలయంలో ఉన్నారు’ అనే వాక్యంలో ఉంది. మొదటిది సెర్‌కు, రెండవది ఎస్తార్‌కు దగ్గర. ఆంగ్లం చెరిపివేసిన ఈ భేదాన్ని తెలుగు చాలావరకు నిలుపుకొంది. ‘ఈత వచ్చు’ అన్నప్పటి ‘వచ్చు’ సబేర్‌కు సరిపోతుంది. కానీ ‘తెలుసు’ అనే క్రియ విషయానికీ, వ్యక్తికీ సమానంగా చెల్లుతుంది. అక్కడ తెలుగువారికీ ఆంగ్లభాషీయుల చిక్కే ఎదురవుతుంది.

5. ముగింపు:
జంట క్రియలను అనువాద పదాలతో కాక, వాక్యంలో అవి నిర్వహించే పనిని బట్టి బోధించాలి. మధ్యవర్తి భాషగా ఆంగ్లం ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ అడ్డుపడుతుందో గుర్తించడం అధ్యాపకుని బాధ్యత.