మీకు తెలుసా? ఓడ బద్దలైతే సరుకు ఎవరిది?

మా ఊరు చిట్కుల్ నుంచి సముద్రం చాలా దూరం. అయినా ఇక్కడి బడి పిల్లలకు సముద్ర చరిత్ర చెప్పడానికి మన ఓరుగల్లు రాజు వేయించిన శాసనాన్ని మించిన పాఠం లేదు.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరున్న రేవు. తుపానుకు చిక్కి బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడికి చిల్లిగవ్వ మిగిలేది కాదు. 1244-45లో ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించి ఈ అన్యాయాన్ని ఆపాడు. న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని అభయమిచ్చాడు. ఎంత గొప్ప మాట! అందుకే అది అభయ శాసనం. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, మిరియాల వంటి సరుకుల మీద సుంకాలూ అందులో ఉన్నాయి. ఆ పట్టిక ఇచ్చి, ఏ సరుకు ఏ దేశం నుంచి వచ్చి ఉంటుందో ప్రపంచ పటంలో వెతకమనండి. పీరియడ్ చాలదు.

పెద్ద తరగతులకైతే మన తీరంలోనే మునిగిన ఘాజీ కథ ఉంది. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిన ఈ పాకిస్తాన్ జలాంతర్గామి ఇప్పటికీ సముద్రగర్భంలోనే ఉంది. మన నౌకాదళమే ముంచిందని భారత్, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. ఆధారాలను తూచి చూడటం నేర్పేందుకు ఇది మంచి ఉదాహరణ. విహారయాత్రకు విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో మన నౌకాదళానికి చెందిన కురుసుర జలాంతర్గామి లోపలికి దిగి చూడొచ్చు. 2002 నుంచి అది మ్యూజియం.