ఇంటి గోడ - ఎన్నికల గుర్తు

ఎన్నికలు సమీపింపగనే గోడలకు గిరాకి పెరుగును. నాలుగు దారులు కలియు చోట ఇల్లు గల గృహస్థుని అన్ని పక్షములవారును పలుకరింతురు. అనంతపురము సీమలో ఈ విషయము మరికొంత ఆలోచింపదగినది. ఇచట ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. గోడమీది రంగును వాన కడిగివేయునని ఎదురుచూచుట వృథా. ఎన్నిక ముగిసిన పిమ్మటను గుర్తు నిలిచియుండును. సున్నము కొని వెల్లవేయు భారము ఇంటివారిదగును.

గుర్తునకు మన దేశమున ప్రాధాన్యము ఏల కలిగెను? 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతి అభ్యర్థికిని వేరు పెట్టె యుండెను. దానిపై అతని గుర్తును అంటించిరి. అక్షరము రాని ఓటరు ఆ గుర్తును చూచియే ఓటు వేసెను. ఆ ఎన్నికలలో తరిమెల నాగిరెడ్డిగారు కారాగారమునుండియే అనంతపురమున పోటీచేసి నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచిరి. అభ్యర్థి ఊరూర తిరుగజాలకున్నను గుర్తు ఓటరునకు కనబడును. కావున గుర్తును ప్రదర్శించుట తప్పు కాదు. ఎవరి గోడపై, ఎవరి అనుమతితో అనునదే ప్రశ్న.

యజమాని అనుమతి లేక అతని స్థలమునగాని, గోడపైగాని జెండాలు నాటుట, ప్రకటనలు అంటించుట, నినాదములు వ్రాయుట కూడదని ఎన్నికల సంఘపు ప్రవర్తనా నియమావళి చెప్పుచున్నది. స్థానిక చట్టము సమ్మతించిన చోట గోడవ్రాతకు యజమాని వ్రాసి యిచ్చిన అనుమతి కావలెను. దాని నకలును మూడు దినములలో రిటర్నింగు అధికారికి అందజేయవలెను. చట్టము సమ్మతింపని చోట యజమాని ఒప్పుకొన్నను గోడవ్రాత చెల్లదు. బహిరంగ ప్రదేశములను వికృతపరచుటను నిరోధించుటకు మన రాష్ట్రమున 1997లోనే చట్టము చేయబడెను.

ఎన్నికల ప్రకటన వెలువడినంతనే ప్రభుత్వ కార్యాలయములపైనున్న ప్రచారమును 24 గంటలలోను, బస్సు స్టాండులు, వంతెనలు, విద్యుత్ స్తంభములవంటి వానిపైనున్న దానిని 48 గంటలలోను, ప్రైవేటు ఆస్తులపై అనుమతి లేక వెలసిన దానిని 72 గంటలలోను తొలగింపవలెను. ముద్రించిన ప్రతి ప్రకటనపైనను ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండవలెను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఎ విభాగము ప్రకారము దీనిని ఉల్లంఘించినవారికి ఆరు నెలలవరకు ఖైదుగాని, 2,000 రూపాయలవరకు జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పోలింగునాడు పోలింగు కేంద్రమునకు 100 మీటర్లలోపల గుర్తును ప్రదర్శించుటయే నేరము.

ఇన్ని కట్టుబాట్లు గోడ అందముకొరకు మాత్రమే కాదు. ఓటు రహస్యము, గోడ బహిరంగము. రెండు పక్షములుగ చీలిన గ్రామమున గోడపై గుర్తు పడినచో ఆ యింటివారు ఫలానావారని ఊరు నిర్ణయించును. రేపు అప్పునకో, విత్తనములకో, త్రాగునీటి ట్యాంకరునకో ఎవరి గుమ్మము త్రొక్కవలసివచ్చునో యెరుగని బీదరైతు నోరు తెరచి వలదనజాలడు. మౌనము అర్ధాంగీకారమను మాట ఇచట చెల్లదు. అతడు చెప్పజాలని మాటను అతని పక్షమున నియమమే చెప్పుచున్నది.

అనుమతి లేక మీ గోడపై గుర్తు వెలసినచో రిటర్నింగు అధికారికి తెలుపుడు. చేతిలో సెల్‌ఫోను గలవారు ఎన్నికల సంఘము 2018లో ప్రవేశపెట్టిన సి-విజిల్ ద్వారా చిత్రము తీసి పంపవచ్చును. ఫిర్యాదుదారు తన పేరు తెలుపనక్కరలేదు. వ్రాసి యిమ్మని అడుగువారికి, ఇష్టము లేనిచో, సంతకము చేయకుండుడు. అందులకు కారణము చెప్పవలసిన అవసరము లేదు.