బొటనవేలికి తాళం!

చేజర్ల చుట్టుపక్కల ఏ రైతింట్లోనైనా బీరువా అడుగున అపురూపంగా దాచుకునేవి పొలం కాగితాలే. వాటి మీద ఫొటోలుంటాయి, వేలిముద్రలుంటాయి. ఒకరి పేరు చెప్పి మరొకరు ఆస్తి అమ్మేయకుండా 2001లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి మరీ పెట్టిన కట్టుదిట్టం అది. మరి, కాపలా కాయాల్సిన ఆ ముద్రే దొంగ చేతికి తాళంచెవి అయితే?

అయింది కూడా! 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్లు ఏ బ్యాంకు కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. ఏ పాస్‌వర్డూ ఊహించలేదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న దస్తావేజుల నకళ్లను దింపుకున్నారు, అంతే. పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర... అన్నీ అక్కడే దొరికాయి. ఆ ముద్రను అచ్చుపోసి నకిలీ వేలు తయారుచేశారు. సుమారు 150 మంది ఖాతాల్లోంచి 14 లక్షల రూపాయలకు పైగా లాగేశారు.

వేలు పెడితే డబ్బు

ఊళ్లో బ్యాంకు లేకపోయినా బ్యాంకు మిత్ర దగ్గర చిన్న యంత్రం మీద వేలు పెట్టి డబ్బు తీసుకోవచ్చు. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఫోనుకు ఓటీపీ కూడా రాదు. చదువురాని అవ్వకు కూడా బస్సెక్కే పని తప్పించిన మంచి ఏర్పాటిది. కానీ ఆ సులువే దొంగకూ కలిసొచ్చింది.

అంతకుముందే ఒక హెచ్చరిక వచ్చింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి ఇలాగే దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, వేల సంఖ్యలో సిమ్‌లు చలామణీ చేసి దొరికిపోయాడు.

అలాగని దస్తావేజులను ఎవరికీ చూపించకుండా దాచేయడం కుదరదు. పొలం కొనేవాళ్లు పాత లావాదేవీలు సరిచూసుకోవాలి కదా! చూపించాల్సింది సర్వే నంబరు, హద్దులు, హక్కుదారుల పేర్లు. వేలిముద్రతో, ఆధార్ సంఖ్యతో వాళ్లకేం పని? కంప్యూటర్ భద్రత అంటే వైరస్‌లను ఆపడం ఒక్కటే కాదు. ఎవరికి ఎంత అవసరమో అంతే చూపించడం కూడా. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. వేలిముద్ర పోతే? కొత్త వేలు ఎక్కడి నుంచి తెస్తాం!

మన చేతిలో ఉన్నది

నకిలీ వేలిని పసిగట్టే పరీక్షను ఆధార్ సంస్థ 2023లో తీసుకొచ్చింది. మన వంతు జాగ్రత్తలూ ఉన్నాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. ఇందుకు ఆధార్‌కు ఫోన్ నంబరు జతయి ఉండాలి. అయితే ఒక్క మాట. తాళం వేశాక వేలిముద్ర అడిగే ఏ పనీ జరగదు. రేషనుకో, పింఛనుకో వేలు పెట్టాల్సి వస్తే ముందుగా తాళం తీసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని పిల్లలే దగ్గరుండి చూడాలి.

జిరాక్సు ఇవ్వాల్సి వస్తే, అంగీకరించే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ప్రతి ఇవ్వండి. బ్యాంకు ఖాతాకు సరైన ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. మీరు తీయని డబ్బు తీసినట్టు సందేశం వస్తే వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత తొందరగా చెబితే సొమ్ము ఆపడానికి అంత వీలు.

పొలానికి కంచె వేయడం మన రైతులకు కొత్త కాదు. ఇప్పుడు బొటనవేలికీ ఒక కంచె కావాలి!