లంకె ఎక్కడ తెరుచుకోవాలి?

జాలపుటలో ఒక లంకెను నొక్కితే కొత్త పుట అదే ట్యాబులో తెరుచుకోవాలా, వేరే ట్యాబులోనా? కంటితో చదివేవారికి ఇది పెద్ద సమస్య కాదు. పైన మరో ట్యాబు చేరిన సంగతి చూడగానే తెలుస్తుంది. స్క్రీన్ రీడర్ సాయంతో వినేవారికి తెర మొత్తం ఒకేసారి అందదు. కొత్త పుట శీర్షిక వినిపించినా, ట్యాబు మారిందన్న స్పృహ కలగకపోవచ్చు. వెనక్కు వెళ్ళే మీట నొక్కితే కదలిక ఉండదు. ఆ కొత్త ట్యాబుకు గతమంటూ లేదు కనుక. తెరను ఐదారు రెట్లు పెద్దది చేసుకుని చదివేవారి స్థితీ ఇంతే. ట్యాబుల వరస వారి చూపు పరిధికి ఆవల ఉండిపోతుంది.

ఈ చిక్కు కొత్తగా గుర్తించినది కాదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో వెలువరించిన తొలి అందుబాటు మార్గదర్శకాలే, చదువరికి చెప్పకుండా కొత్త విండో తెరవవద్దన్నాయి. హెచ్‌టీఎమ్ఎల్ 4 కఠిన రూపంలో కొత్త విండోను కోరే 'టార్గెట్' లక్షణానికి అసలు చోటే లేదు. సైట్ల నిర్మాతలు జావాస్క్రిప్టుతో ఆ నియమాన్ని తప్పించుకున్నారు. హెచ్‌టీఎమ్ఎల్ 5 దానిని తిరిగి అనుమతించింది. చదువరి కోరితేనే సందర్భం మారాలన్న సూత్రం 2008 నాటి రెండవ మార్గదర్శకాలలో 3.2.5 సంఖ్యతో ఉంది. అయితే దానిని అత్యున్నతమైన ట్రిపుల్ ఏ స్థాయిలో పెట్టారు. అమెరికాలో ఫెడరల్ సంస్థలకు వర్తించే సెక్షన్ 508 గాని, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల సైట్లకై న్యాయశాఖ 2024లో చేసిన నిబంధన గాని డబుల్ ఏ దగ్గరే ఆగుతాయి. అంటే, తనిఖీలో నెగ్గిన సైటులోనూ చదువరి దారి తప్పవచ్చు.

చదువరి తమ సైటు విడిచిపోకూడదన్నది యజమానులు తరచు చెప్పే కారణం. అది వారి అవసరమే గాని చదువరిది కాదు. పైగా ఈ రెండు పద్ధతులూ సమానం కావు. మామూలు లంకెను కంట్రోల్ మీట (మాక్‌లో కమాండ్) పట్టుకుని నొక్కితే, ఫోనులో కాసేపు అదిమిపట్టితే, కొత్త ట్యాబులో తెరుచుకునే వీలు ఎవరికైనా ఉంది. కొత్త ట్యాబుకే కట్టేసిన లంకెను ఉన్నచోటనే తెరిపించేందుకు అటువంటి సులువైన మీట బ్రౌజర్లలో లేదు. నా దృష్టిలో వాదం ఇక్కడే తేలిపోతుంది.

మినహాయింపులు లేకపోలేదు. పొడవైన దరఖాస్తు సగం నింపి ఉండగా సహాయ పుట అదే ట్యాబులో తెరుచుకుంటే నింపినదంతా పోవచ్చు. అక్కడ కొత్త ట్యాబే మేలు, ముందుగా చెప్పినట్లయితే. ఆ హెచ్చరిక మాటల్లో, లంకెలో భాగంగా ఉండాలి. ప్రత్యామ్నాయ పాఠం లేని బాణం గుర్తు వినేవారికి లేనట్టే. తెలుగు సైట్లకు మరొక జాగ్రత్త అవసరం. టెంప్లేటుతో పాటు వచ్చే, కంటికి కనిపించని ఇంగ్లీషు హెచ్చరికను అలాగే వదిలేస్తే, తెలుగు వాక్యం నడుమ అది అడ్డుపడుతుంది. 'కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది' అని తెలుగులోనే రాసి, పుట భాష తెలుగని కోడులో ప్రకటిస్తే, తెలుగు గొంతు ఉన్న స్క్రీన్ రీడర్ దానిని తెలుగుగానే పలుకుతుంది.