గణనయంత్రమునకు పది పైసలు తెలియునా?

కుంభారిలోని గోదూతాయి పరుళేకర్ కాలనీ మొదలగు వాడలలో బీడీలు చుట్టు తల్లులును, మగ్గము నడుపు తండ్రులును మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు: "కంప్యూటరు వేసిన లెక్క తప్పునా?" యంత్రము కూడిక తప్పదు. మనము వ్రాసిన అంకెను అది తన అంకెగా మార్చుకొను చోటనే చిక్కు గలదు.

మనము పదింటితో లెక్కింతుము, యంత్రము రెంటితో లెక్కించును. కావున అర, పావు, పరక, వీసము దానికి అచ్చముగా అందును. మన పూర్వుల భిన్నములు నేటి యంత్రమునకు ఇంత చక్కగా పొసగుట మాకు ముచ్చటగా నున్నది. పదియవ వంతు మాత్రము అందదు. మూడవ వంతును మనము 0.333 అని ఎంత దూరము వ్రాసినను ముగియనట్లే, యంత్రము 0.1 ను ఎంత వ్రాసినను ముగియదు. 1985 నాటి ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణము ననుసరించి సామాన్యముగా వాడు 64 బిట్ల సంఖ్యలో అంకెల కచ్చితత్వమునకు 53 బిట్లే గలవు. తక్కినది సర్దుబాటు. అందుచే లోపల నిలుచునది 0.1 కాదు, దానికంటె ఇంచుక హెచ్చు.

ఇట్టి చిక్కు మన పెద్దలకు క్రొత్త గాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినపుడు అణాకు 6.25 నయాపైసలు రావలసియుండగా 6 అని సర్దిరి. రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు సరిగా 25. నాలుగు అణాలను విడివిడిగా మార్చుకొన్నవానికి 24 మాత్రమే చిక్కెను. కూడిక ముందు, సర్దుబాటు తరువాత జరుగవలెనని అంగడివాడును ఎరుగును.

యంత్రమునందును ఇదియే నియమము. వ్రాసిన అంకెలన్నిటిని చదివి, ఒక్కమారే మిక్కిలి సమీపసంఖ్యకు సర్దవలెను. 2.46 ను మొదట 2.5 అనియు, పిదప 3 అనియు సర్దిన బాలుడు తప్పినట్లే. సూటిగా 2 రావలెను. మొదట పెద్ద కొలతలోనికి, తరువాత చిన్న కొలతలోనికి మార్చు యంత్రము సరిగా ఈ తప్పే చేయగలదు. రెండు సంఖ్యలకు సరిగా నడుమ పడినపుడు, చివరి బిట్టు సున్నగా గలదానిని గ్రహించుట వాడుక. నడుమకు అతి చేరువగా వచ్చినప్పుడు మాత్రము ఇరువది అంకెలు చూచినను నిర్ణయము కుదరదు. ఒక్కొక్కచో వందలకొలది అంకెలు చూడవలసి యుండును. దీనికి నమ్మదగిన పద్ధతులను విలియం క్లింగర్, డేవిడ్ గే అను పండితులు 1990లో వివరించిరి. అయినను 2011 జనవరిలో పి.హెచ్.పి. అను ప్రసిద్ధ భాష, 2.2250738585072011ను 10 యొక్క 308వ ఘాతముచే భాగించిన సంఖ్యను చదువబోయి, కొన్ని యంత్రములపై అంతులేక తిరుగుచుండెను.

కూలివానికి ఇందేమి నష్టమందురా? ఒక పద్దు 2.675 రూపాయలుగా తేలినదనుకొందము. మనము 2.68 అందుము. యంత్రములో నిలిచినది 2.675 కంటె లేశము తక్కువ గనుక అది 2.67 అనును. పైసాయే గాని, వేయి పద్దులలో పది రూపాయలు! అందుచేత డబ్బును రూపాయల దశాంశములలో గాక, పూర్ణపైసలలో దాచుట మేలని, ప్రోగ్రాములు వ్రాయు మన బాలబాలికలకు మేము చెప్పుచుందుము. పైసాలోని భాగములు వచ్చునెడల, దశాంశపద్ధతినే లెక్కించు సాధనములు వేరుగా గలవు.

తల్లిదండ్రులు ఇంటనే పరీక్షింపవచ్చును. పైథాన్ భాషలో 0.1ను 0.2ను కూడుమని పిల్లవానితో చెప్పుడు. 0.30000000000000004 అని వచ్చును; యంత్రము చెడినదని దుకాణమునకు మోయనక్కరలేదు.