మోకీలు మార్పిడి శస్త్రచికిత్స: ఇంటివద్ద కోలుకునే దశ - విశ్రాంతి, పథ్యం, వాస్తవం

వ్యాససంగ్రహం:
మోకీలు మార్పిడి శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగుస్తుంది. దాని ఫలితం మాత్రం ఆ తరువాతి మూడు నెలలలో చాలావరకు ఇంటివద్దనే నిర్ణయమవుతుంది. తెలుగు కుటుంబాలలో రోగిసేవకు ఆనవాళ్లుగా నిలిచిన ‘కదలనివ్వకపోవడం’, ‘పథ్యం పెట్టడం’ ఈ దశలో ఎలా పరిణమిస్తాయో, కొత్త కీలుకు నిజంగా అవసరమైనదేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: మోకీలు మార్పిడి, గృహ పునరావాసం, తొడ కండరం, పథ్యం, వ్యాయామం.

1. పేరులోని పొరపాటు:

తెలుగు పత్రికలలోనూ, ఆసుపత్రుల ప్రకటనలలోనూ ఈ చికిత్సకు స్థిరపడిన పేరు ‘మోకాలి చిప్పల మార్పిడి’. నిజానికి ఇందులో ప్రధానంగా మారేది చిప్ప కాదు. తొడ ఎముక కిందికొనను, మోకాలికి దిగువనున్న పెద్ద ఎముక పైకొనను దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన కోసి, ఒకదానికి లోహపు తొడుగును, మరొకదానికి లోహపు పళ్లేన్ని అమర్చి, రెండింటి నడుమ పాలిఎథిలీన్ పలకను నిలుపుతారు. చిప్ప లోపలి తలానికి కొందరు శస్త్రవైద్యులు చిన్న ప్లాస్టిక్ బిళ్లను అతికిస్తారు. మరికొందరు చిప్పను యథాతథంగా వదిలివేస్తారు. కనుక ఇది మార్పిడి కంటే, అరిగిన పంటికి తొడుగు వేయడానికే దగ్గరి పని.

ఈ భేదం కేవలం పదచర్చ కాదు. ‘చిప్ప మార్చారు’ అనగానే విరిగిన ఎముక అతుక్కునేదాకా కట్టుకట్టి కదపకుండా ఉంచే పద్ధతి ఇంటివారి మనసులో మెదులుతుంది. పుత్తూరు కట్టు ప్రసిద్ధి పొందిన నేలలో ఆ ఊహ సహజమే. అయితే కృత్రిమ కీలును ఎముకకు పట్టి ఉంచే ఎముక సిమెంటు శస్త్రచికిత్స బల్లమీదనే సుమారు పావుగంటలో గట్టిపడుతుంది. అందువల్లనే అదే రోజునో మరునాడో రోగికి వాకర్ ఇచ్చి నిలబెడతారు. మానవలసినది లోహం కాదు. కోసిన చర్మం, కీలును చుట్టి ఉన్న పొర, తొడ ముందరి కండరం. ఈ మూడింటిలో చివరి రెండు కదలిక లేకుంటే బిగుసుకుపోతాయి, బలహీనపడతాయి.

కీలు ఖరీదు విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకుంది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్ క్రోమియం మోకీలుకు పన్నుకాక రూ. 54,720 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆసుపత్రి గడప దాటిన తరువాత జరగవలసిన దానిపై అంతటి చర్చ జరగలేదు.

2. దిండు ఎక్కడ పెట్టాలి?:

శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలో తొడ ముందరి కండరం బలం అంతకు ముందున్నదానిలో సగానికి పైగా తగ్గిపోతుంది. కండరం కరిగిపోవడం ఇందుకు కొంతవరకే కారణం. వాచిన కీలునుంచి వెళ్లే సంకేతాల ప్రభావంతో నాడీవ్యవస్థ ఆ కండరానికి అందవలసిన ఆజ్ఞను అణచిపెడుతుంది. కనుక ‘ఎత్తుదామంటే కాలు లేవడం లేదు’ అనే రోగి మాటలో బద్ధకం లేదు, పిరికితనమూ లేదు. మోకాలి వెనుక భాగాన్ని పరుపుకు అదిమి, తొడను ఐదు క్షణాలు బిగించి వదలడం అనే అతి చిన్న వ్యాయామం ఆ ఆజ్ఞను తిరిగి మేల్కొలిపే ప్రయత్నమే. చూసేవారికి అది వ్యాయామంలాగే కనిపించదు. అందుకే ఇళ్లలో మొట్టమొదట మానివేసేది దానినే.

నొప్పితో ఉన్న మోకాలికి కొద్దిగా వంగి ఉండటం హాయినిస్తుంది. కీలులో చేరిన ద్రవానికి ఆ భంగిమలో చోటు ఎక్కువ. అది గమనించిన కూతురో కోడలో ఆప్యాయంగా మోకాలి కింద దిండు పెడుతుంది. ఈ దశలో జరిగే తప్పులలో ఇంతటి ప్రేమతో జరిగేది మరొకటి లేదు. వారాల తరబడి అలాగే పడుకుంటే కీలు వెనుకనున్న పొర, తొడ వెనుక కండరాలు కుదించుకుపోయి, కాలు పూర్తిగా చాచుకోవడం మానేస్తుంది. పది డిగ్రీలు వంగి బిగుసుకున్న కాలిపై నిలబడే మనిషి గోడకుర్చీ వేసినట్లే ప్రతి అడుగులోనూ తొడ కండరాన్ని శ్రమపెడుతూ నడవాలి. ఆ కాలు పొట్టిగా పనిచేస్తుంది. నడకలో కుంటు కనిపిస్తుంది. నడుము నొప్పి మొదలవుతుంది. శస్త్రచికిత్స ఎంత నైపుణ్యంతో జరిగినా ఈ లోటును అది పూడ్చలేదు.

దిండు మడమ కింద ఉండాలి. చుట్టిన తువ్వాలును మడమ కింద ఉంచి, మోకాలి వెనుక ఖాళీగా వదిలి, కాలి బరువుతోనే అది చాచుకునేలా పది పదిహేను నిమిషాలు ఉంచడం రోజుకు కొన్నిసార్లు చేయవలసిన పని. అది నొప్పిగానే ఉంటుంది. వాపు తగ్గడానికి కాలును గుండెకంటె ఎత్తులో పెట్టినప్పుడు కూడా ఆధారం పిక్క, మడమల కిందనే ఉండాలి.

3. ఎంత వంగితే చాలు?:

సమతలంపై నడవడానికి మోకాలు దాదాపు 65 నుంచి 70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లెక్కడానికి 80కి పైన, దిగడానికి 90, మామూలు కుర్చీలోంచి చేతుల ఆధారం లేకుండా లేవడానికి 95 నుంచి 105 డిగ్రీలు కావాలి. ఆరు వారాలకు 90 డిగ్రీలైనా రావడం కనీస లక్ష్యంగా భావిస్తారు. అప్పటికీ రాకపోతే మత్తు ఇచ్చి కీలును వంచే ప్రక్రియ అవసరం కావచ్చు; అది తొలి మూడు నెలలలో జరిగితేనే మెరుగైన ఫలితమిస్తుంది. అందువల్ల ‘మెల్లగా అదే వస్తుందిలే’ అనే ఊరడింపునకు ఈ విషయంలో గడువు ఉంది.

గొంతుక్కూర్చోవడానికి 130 డిగ్రీలకు పైబడిన వంపు కావాలి. కృత్రిమ మోకీలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది. బాసింపట్టు వేయడానికి వంపుతోపాటు మెలిక కూడా అవసరం. పీటమీద కూర్చుని వ్రతం చేయడం, నేలమీద విస్తరి ముందు కూర్చోవడం, పాతరకం మరుగుదొడ్డి వాడటం - ఈ మూడింటిలో కొన్నింటిని వదులుకోవలసి వస్తుందని శస్త్రచికిత్సకు ముందే చెప్పడం న్యాయం. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఫలితంపట్ల పూర్తి సంతృప్తి చెందరని వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. నెరవేరని ఆశ అందుకు బలమైన కారణాలలో ఒకటి.

కాలిని దానంతటదే వంచి చాచే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకునే అలవాటు కొన్ని కుటుంబాలలో ఉంది. దానివల్ల చెప్పుకోదగ్గ అదనపు ప్రయోజనం లేదని పరిశోధనలను క్రోడీకరించిన సమీక్షలు తేల్చాయి. యంత్రం కీలును కదుపుతుంది గాని కండరానికి పని చెప్పదు. కుర్చీలో కూర్చుని పాదాన్ని నేలమీద వెనక్కి జరుపుకోవడం అంతకంటె మేలు. ఆసుపత్రిలోనే మరికొన్నాళ్లు ఉండటం మంచిదనే అభిప్రాయాన్ని కూడా 2017లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి పరీక్షించింది. పది రోజులు పునరావాస కేంద్రంలో ఉండి ఆపై ఇంటివద్ద వ్యాయామాలు చేసినవారికీ, నేరుగా ఇంటికి వెళ్లి పర్యవేక్షణలో అవే చేసినవారికీ మధ్య 26 వారాలకు నడక సామర్థ్యంలో గుర్తించదగిన తేడా లేదు. అయితే అందులో పాల్గొన్నవారికి శస్త్రచికిత్స సాఫీగా జరిగింది. ఒంటరిగా ఉండేవారికీ, తీవ్రమైన ఇతర వ్యాధులున్నవారికీ దానిని యథాతథంగా అన్వయించరాదు.

4. నొప్పి, వాపు:

వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవడం, తరువాత గుడ్డలో చుట్టిన మంచుముక్కలతో పదిహేను ఇరవై నిమిషాలు కాపడం చాలామందికి అనుకూలిస్తుంది. ‘మాత్రలు ఎక్కువ వాడకూడదు’ అని ఓర్చుకుని వ్యాయామం మానేవారు, మాత్రవల్ల కలిగే హానికంటె పెద్ద హాని కొనితెచ్చుకుంటారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ మాత్ర వాడాలో వైద్యుడే చెప్పాలి. వాపు, వెచ్చదనం మూడు నుంచి ఆరు నెలల వరకు కొద్దికొద్దిగా ఉండవచ్చు. మచ్చకు వెలుపలి వైపు చర్మం మొద్దుబారడం, కోతలో చిన్న నాడి తెగడంవల్ల కలిగేది. అది ప్రమాదసూచిక కాదు. రాత్రి నిద్రపట్టకపోవడం తొలి వారాలలో దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదే.

5. పథ్యం:

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర తింటే పుండు మానదని తెలుగువారి ఇళ్లలో గట్టి నమ్మకం. బాలింత పథ్యంలాగే ఇక్కడా చారు, అన్నం, కాల్చిన అప్పడంతో రోజులు గడుస్తాయి. కోసిన కణజాలం తిరిగి అల్లుకోవడానికీ, నీరసించిన కండరం పుంజుకోవడానికీ ముడిసరుకు మాంసకృత్తులే. పప్పు, పెరుగు, గుడ్డు, చేప మానడమంటే గాయానికి కావలసినదాన్నే ఆపడం. గాయంలో చీము చేరేది సూక్ష్మజీవులవల్ల, పప్పువల్ల కాదు. నిజంగా నియమం పాటించవలసింది మధుమేహం ఉన్నవారు. రక్తంలో చక్కెర అదుపు తప్పితే గాయం మానడం ఆలస్యమై, సంక్రమణ ముప్పు పెరుగుతుంది. పథ్యమనే మాటకు హితమైనదని అర్థం; అది వాడుకలో ‘మానివేయడం’గా కుదించుకుపోయింది. బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం కలిగిస్తాయి కనుక నీరు, ఆకుకూరలు, పండ్లు కూడా తగ్గకూడదు.

6. ఇల్లు, ఇల్లాలు:

వాకర్ పట్టుకున్న మనిషికి గడప చిన్న గోడ. తడిసిన స్నానాలగది గచ్చు, జారే పట్టా, నేలపై పరచిన చాప, రాత్రి దీపం లేని దారి పడిపోవడానికి కారణాలు. మరుగుదొడ్డి దగ్గర గోడకు పట్టుకొమ్మ, ఎత్తైన కమోడ్, చేతులున్న గట్టి కుర్చీ ముందుగానే సిద్ధం కావాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు.

మోకాళ్ల అరుగుదల పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. శస్త్రచికిత్స చేయించుకున్న ఇల్లాలి విషయంలో రెండు విపరీతాలు కనిపిస్తాయి. తొలి పదిహేను రోజులు ఆమెను మంచం దిగనివ్వరు. చుట్టాలు వెళ్లిపోయాక ఆమె నేరుగా వంటింట్లో గంటల తరబడి నిలబడుతుంది. మొదటిది కీలును బిగిస్తుంది. రెండోది వాపును పెంచి వంపును తగ్గిస్తుంది. రెండింటిలోనూ వ్యాయామానికి వేళ లేదు. ఇంటిపని కదలికే కదా అనే వాదన ఇక్కడ చెల్లదు. పొయ్యి ముందు నిలబడటంలో కీలు చివరిదాకా చాచుకోదు, చివరిదాకా వంగదు. ఆమెకు రోజుకు మూడుసార్లు, ఎవరూ పిలవని అరగంట కావాలి. దాన్ని ఏర్పాటు చేయవలసింది భర్త, పిల్లలు.

7. ఆలస్యం చేయరాని సూచనలు:

కాలిలోని సిరలో రక్తం గడ్డకట్టడం ఈ శస్త్రచికిత్స తరువాత తెలిసిన ప్రమాదం. అందుకే రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందును కనీసం 10 నుంచి 14 రోజులు, కొందరికి 35 రోజుల వరకు ఇస్తారు. కాలు బాగుందని దాన్ని మధ్యలో ఆపరాదు. పిక్కలో కొత్తగా నొప్పి, రాత్రి పడుకుని లేచినా తగ్గని వాపు కనిపిస్తే అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గాయంనుంచి రసి కారడం, ఎరుపు వ్యాపించడం, చలిజ్వరం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం సంక్రమణ లక్షణాలు. ఇలాంటప్పుడు మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవడం మన ఊళ్లలో అలవాటు. దానివల్ల జ్వరం రెండు రోజులు తగ్గుతుంది. లోహపు తలాన్ని పట్టుకున్న సూక్ష్మజీవి మాత్రం అక్కడే ఉంటుంది. తరువాత కీలునుంచి ద్రవం తీసి పరీక్షించినా అదేదో బయటపడకపోవచ్చు. తొలి వారాలలోనే గుర్తిస్తే కీలును కడిగి, పాలిఎథిలీన్ పలక మాత్రం మార్చి కాపాడే అవకాశం ఉంటుంది. సూక్ష్మజీవి స్థిరపడ్డాక మొత్తం కీలును తీసివేసి, మందు కలిపిన సిమెంటును తాత్కాలికంగా నింపి, వారాలో నెలలో గడిచాక మరో కీలు అమర్చవలసి వస్తుంది.